ఆకలికి మతం లేదు. మరి పెట్టే చేతికి?

2021 ఏప్రిల్ చివరి వారం. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. కన్నతండ్రి శవాన్ని ముట్టుకోవడానికి కొడుకులు భయపడి గేటు బయటే నిలబడిపోతున్న కాలం. పాతబస్తీ కుర్రాళ్ళు కొందరు ఒక పాత అంబులెన్సు సంపాదించారు. ఆసుపత్రుల నుంచి శవాల్ని తెచ్చి, ముస్లింలైతే ఖబ్రస్తాన్‌లో దఫన్ చేసేవాళ్ళు. హిందువులైతే శ్మశానానికి తీసుకుపోయి, అయినవాళ్ళు దూరం నుంచి చెబుతుంటే ఆ ప్రకారం దహనం చేయించేవాళ్ళు. వాళ్ళ గురించి నేనే వార్త రాశాను. "మతాన్ని మరచి మానవత్వం చాటిన ముస్లిం యువకులు" అని శీర్షిక కూడా నేనే పెట్టాను. పదిమందీ మెచ్చుకున్నారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన భుజం తట్టి, "ఇలాంటివి రాయాలయ్యా, దేశానికి ఇవే కావాలి" అన్నాడు.

మర్నాడు ఇఫ్తార్ అయ్యాక ఆ కుర్రాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. అతనికి తెలుగు చదవడం రాదు. ఎవరితోనో చదివించుకున్నాడు. "భాయ్, హమ్ మజ్‌హబ్ భూల్ కే నై కరే. యాద్ రఖ్ కే కరే" అన్నాడు. మతాన్ని మరిచిపోయి చెయ్యలేదు భాయ్, గుర్తు పెట్టుకునే చేశాం అని. కోపంగా అనలేదు. తప్పు దిద్దినట్టు అన్నాడు.

అది రంజాన్ నెల. ఒళ్ళంతా కప్పే ఆ ప్లాస్టిక్ బట్టల్లో, ఆ ఎండలో, చుక్క నీళ్ళు తాగకుండా రోజాతో వుండి వాళ్ళు ఆ పని చేశారు. మతాన్ని మరిచినవాడు రోజా ఎందుకుంటాడు? ఆ సంగతి నాకు తెలుసు. నేనూ రోజాతోనే వున్నాను. అయినా ఆ శీర్షిక పెట్టేటప్పుడు నా చెయ్యి ఆగలేదు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టి, తెలుగులో బి.ఏ. చదివి, తెలుగు పత్రికల్లో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి నోటి మాట అది? ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలవుతోంది.

మాధవుడున్న సేవ

సేవ గురించి రాసేటప్పుడు తెలుగు పత్రికలన్నీ వాడే మాట ఒకటుంది: మానవ సేవే మాధవ సేవ. రక్తదాన శిబిరం వార్తలో అదే. కంటి ఆపరేషన్ల వార్తలో అదే. దేవుణ్ణి నమ్మనని చెప్పుకునే వక్త నోట కూడా అదే. అందులో మాధవుడున్నాడన్న సంగతి ఎవరికీ తట్టదు. వాడీ వాడీ అది మతం మాట కాకుండా మంచి మాట అయిపోయింది. అయిపోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఉర్దూలో అదే సందర్భంలో మేము వాడే మాట ఖిద్మతె ఖల్ఖ్. ఖల్ఖ్ అంటే సృష్టి, సృష్టిలోని జనమంతా. ఆ మాటలో ఏ దేవుడి పేరూ పైకి కనబడదు. అయినా బ్యానరు మీద అది ఉర్దూలో రాసి వుంటే చాలు, అది 'మత సంస్థ' అయిపోతుంది. మాధవుడున్న మాట లౌకికం, మాధవుడూ అల్లా ఇద్దరూ లేని మాట మతం! ఇది భాష చేసిన తప్పు కాదు. ఆ భాషలో ఎవరి మాట అందరి మాటగా చెలామణీ అవుతుందో, ఎవరి మాట 'వాళ్ళ' మాటగా మిగిలిపోతుందో అన్నదే అసలు సంగతి.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ వచ్చినవాళ్ళందరికీ వేళ కాని వేళల్లో కూడా అన్నం పెట్టింది. ఆమె 1909లో చనిపోయింది. ఇవాళ్టికీ ఆమెను తలుచుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరు పెట్టారు. మంచి పని. ఆమె "మతాన్ని మరచి" అన్నం పెట్టిందని ఎవరైనా రాశారా? రాయరు. అది ఆమె ధర్మం అని రాస్తారు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానాన్ని స్వామివారి ప్రసాదమంటారు. గురుద్వారాలో లంగరును సిక్కుల సేవా గుణమంటారు. వాళ్ళ మంచితనం వాళ్ళ మతంలోంచి వచ్చిందని ఒప్పుకోవడానికి తెలుగు భాషకు ఇబ్బంది లేదు. మా విషయానికి వచ్చేసరికి మా మంచితనం మా మతం దాటి బయటికొస్తేనే కనబడుతుంది.

క్రైస్తవుల కష్టం ఇంకో రకం. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టింది. దానికి పెద్ద మొత్తం డబ్బిచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ ధనికుడు. రాజ్యం నిజాంది. క్రైస్తవ డాక్టరు, హిందూ దాత, ముస్లిం రాజు. అక్కడ ఎవరూ ఎవరి మతాన్నీ మరిచిపోలేదు. మరిచిపొమ్మని ఎవరూ అడగలేదు. ఇవాళ మిషన్ ఆసుపత్రి అనగానే మతమార్పిడి అనే అనుమానం ముందు పుడుతుంది. క్రైస్తవుడు వైద్యం చేస్తే అది వల అంటారు. ముస్లిం వైద్యం చేస్తే అది మినహాయింపు అంటారు.

ఆ శీర్షిక రాయడానికి సుమారు ఏడాది ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 మార్చి నెలాఖరున ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు రాగానే మా మతమే రోగమైపోయింది. మర్కజ్‌కు పోయొచ్చినవాళ్ళ లెక్కలు టీవీల్లో స్కోరు బోర్డులా నడిచాయి. కూరగాయల బండివాణ్ణి పేరడిగి కొన్న రోజులవి. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి మర్కజ్‌కొచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఆ తీర్పు చాలా పత్రికల్లో లోపలి పేజీకి పోయింది. 2020లో మా మతం రోగం. 2021లో ఆ మతాన్ని మరిస్తే మేము మనుషులం. తిట్టినా పొగిడినా రెండు వార్తల్లోనూ ముద్దాయి మా మతమే.

లౌకికం, లౌక్యం, లాదీనీ

రెండు భాషల మధ్య తిరిగే నాలాంటివాడికి సెక్యులరిజం అనే మాట ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. ఉర్దూలో పాతకాలంలో దాన్ని కొందరు 'లాదీనీ' అని తర్జుమా చేశారు. దీన్ లేనిది, మతం లేనిది అని. మా ముత్తాతల తరం ఆ మాట వినే భయపడింది. సెక్యులర్ అంటే నమాజు మానెయ్యమంటారు కాబోలు అనుకుంది. తెలుగులో దాన్ని లౌకికవాదం అన్నారు. లోకానికి సంబంధించినది. మెత్తని మాట. కానీ ఆ మాటకు పక్కింటి చుట్టం లాంటి మాట ఇంకొకటుంది, లౌక్యం. మన లౌకికవాదులు చాలామంది లౌకికం దగ్గర మొదలై లౌక్యం దగ్గర ఆగిపోయారు.

కొన్నేళ్ళ కింద ఒక శాంతి కమిటీ మీటింగుకు పోయాను. పాతబస్తీలోనే. మంచివాళ్ళు, నిజాయితీ వున్నవాళ్ళు, లాఠీలకు ఎదురు నిలిచినవాళ్ళు కూడా అందులో వున్నారు. మీటింగు దీపం వెలిగించి మొదలుపెట్టారు. అది సంస్కృతి. నడుమ అసర్ వేళయింది. ఇద్దరు పెద్దమనుషులు లేచి మూలన నమాజుకు నిలబడ్డారు. అప్పుడు ఒక మిత్రుడు నా చెవిలో, "వీళ్ళు ఇక్కడ కూడా మతాన్ని వదలరా?" అన్నాడు. నన్ను తనవాడిగా భావించే అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దీపం కనబడలేదు ఆయనకు. జానిమాజ్ కనబడింది. తమ మతం గాలిలా చుట్టూ వుంటే వున్నట్టు తెలియదు. ఎదుటివాడి మతం మాత్రం గోడలా అడ్డం వచ్చినట్టుంటుంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పటి నుంచీ, 1998లో 'జల్జలా' వచ్చినప్పటి నుంచీ ముస్లిం రచయితలు తెలుగు సమాజాన్ని అడుగుతున్నది ఒక్కటే. మమ్మల్ని మేముగా చూడమని. దేశభక్తి విషయంలో ఆ ప్రశ్న అడిగాం. భాష విషయంలో అడిగాం. మంచితనం విషయంలో అడగలేదు. పొగడ్త కదా అని ఊరుకున్నాం. పొగడ్తలో వున్న అవమానాన్ని పట్టుకోవడం తిట్టులో వున్నదాన్ని పట్టుకోవడం కన్నా కష్టం.

మరి లౌకికం అంటే ఏమిటి? నాకు పుస్తకాల కన్నా దబీర్‌పురా ఫ్లైఓవర్ ఎక్కువ చెప్పింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకునే అజహర్ మఖ్సూసీ 2012లో ఆ ఫ్లైఓవర్ కింద మధ్యాహ్నం పూట అన్నం పెట్టడం మొదలుపెట్టారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, తాను ఆకలి చూసినవాడు. ఆకలికి మతం లేదన్నది ఆయన మాట. దేశమంతా పాకింది. నేను అక్కడ గంటల తరబడి నిలబడి చూశాను. ఆ మాటను మనం సగమే విన్నామనిపించింది. ఆకలికి మతం లేదు, నిజమే. పెట్టే చేతికి మాత్రం వుంది. ఆ చెయ్యి బిస్మిల్లా అని గరిటె ముంచుతుంది. వంగిన ఏ తలనూ నీ పేరేమిటని అడగదు. ఇంత పెట్టాను కాబట్టి మాలో కలువు అని గానీ, నాకు ఓటెయ్యి అని గానీ అనదు. లౌకికం అక్కడుంది. చేసేవాడు తన మతాన్ని మరవడంలో లేదు, తీసుకునేవాడి మతాన్ని అడగకపోవడంలో వుంది.

నవాబ్ సాహెబ్ కుంటలో మసీదె ఇస్‌హాఖ్‌కు పోయి చూడండి. 2018లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్‌తో కలిసి ఆ మసీదులోనే పేదల ఆసుపత్రి తెరిచారు. చుట్టుపక్కల బస్తీల్లోని ఎవరైనా పోవచ్చు. బొట్టు పెట్టుకున్న తల్లి పిల్లను చంకనేసుకుని మసీదు మెట్లెక్కుతుంది. మందులు తీసుకుంటుంది. వెళ్ళిపోతుంది. ఆమె ఏ మతాన్నీ మరవలేదు. ఇమామ్ కూడా మరవలేదు. మసీదులో లౌకికం ఎలా వుంటుందని అడిగే మేధావులు ఆ మెట్ల దగ్గర ఒక పూట కూర్చోవాలి.

మన ఇంటి లెక్క

ఇంతవరకూ ఎదుటివాళ్ళను అడిగాను. ఇక మనల్ని అడగాలి. అడగకపోతే ఈ వ్యాసం కూడా ఒక రకం లౌక్యమే అవుతుంది.

నిసాబ్ దాటిన సంపద మీద ఏడాది తిరిగాక నూటికి రెండున్నర జకాత్ ఇవ్వాలి. ఇది దానం కాదు. ఇచ్చేవాడి దయ కాదు. వున్నవాడి సొమ్ములో లేనివాడి హఖ్, అంటే హక్కు. ప్రపంచంలో బీదవాడికి ఇంత గౌరవమిచ్చిన మాటలు తక్కువ. మరి ఆ హఖ్‌ను మనం ఎలా ఇస్తున్నాం? రంజాన్ వచ్చిందంటే పెద్ద ఇళ్ళ గేట్ల ముందు బురఖాల్లో ఆడవాళ్ళు తెల్లారి నుంచి వరుస కడతారు. రోజాతో వుండి, చంటిపిల్లలతో, ఎండలో. తలుపు తెరిచేదాకా నిలబడాలి. నోటు చేతిలో పడేటప్పుడు ఒక ఫోటో. రేషన్ సంచీ ఇచ్చేటప్పుడు ఇంకో ఫోటో. కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని పిల్లలకు నేర్పుతాం, ఆ ఎడమచేత్తోనే సెల్‌ఫోన్ పట్టుకుంటాం. హఖ్ తీసుకోవడానికి వచ్చిన మనిషిని భిక్షగత్తెగా నిలబెట్టిన తర్వాత దానికి జకాత్ అని పేరెందుకు?

ఇంకో ప్రశ్న. జకాత్ ముస్లిం బీదలకే చెందుతుందని ఉలమాలో ఎక్కువమంది చెబుతారు. సదఖా, ఖైరాత్ ఎవరికైనా ఇవ్వొచ్చంటారు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇచ్చే చోట లేను. కానీ ఒక్కటి అడగొచ్చు. జకాత్ లెక్క పైసాతో సహా వేసే మనం, ఎవరికైనా ఇవ్వొచ్చన్న సదఖా లెక్క ఎప్పుడైనా వేశామా? పొరుగువాడు పస్తుంటే కడుపునిండా తిని పడుకున్నవాడు మోమిన్ కాడని మన ఇళ్ళలో ప్రతి పిల్లకూ చెబుతాం. ఆ మాటలో పొరుగువాడి మతం లేదు. 1991లో చుండూరులో దళితుల్ని నరికి కాలువలో పడేసినప్పుడు పాతబస్తీ నుంచి ఎన్ని దేగ్‌లు కదిలాయి? ఎంతమంది పోయాం? బాలాపూర్‌లో గుడిసెలేసుకున్న రోహింగ్యాల కోసం మనం కదిలాం. కదలాల్సిందే. ఇల్లూ దేశమూ పోగొట్టుకుని వచ్చిన కొన్ని వేలమంది వాళ్ళు. కానీ వాళ్ళు కలిమా చదవనివాళ్ళయితే అంతే వేగంగా కదిలేవాళ్ళమా? ఈ ప్రశ్నకు జవాబు ఎవరికి వాళ్ళు లోపల చెప్పుకుంటే చాలు.

అదే 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయే విమానంలో పదేళ్ళ ఆడపిల్ల ఏడుస్తూ కనబడింది. పక్కన అరవయ్యేళ్ళ సౌదీ పెళ్ళికొడుకు. పిల్ల పాతబస్తీది. తండ్రి ఆటో నడుపుకునేవాడు. ఆ పిల్ల ఏడుపు విని ఏమైందని అడిగింది ఒక ముస్లిమేతర ఎయిర్ హోస్టెస్. దేశమంతా గోలయింది. మనవాళ్ళు చాలామంది "మన పరువు తీశారు" అన్నారు. పరువు గురించి మాట్లాడిన ఆ సభల్లో, ఆ తండ్రి ఇంటికి జకాత్ ఎందుకు చేరలేదని అడిగినవాళ్ళు ఎంతమంది? ఆకలి మన గల్లీలోనే, మన మతంలోనే వున్నా మనకు కనబడకుండా పోయిన సందర్భమది. మతం వున్నంత మాత్రాన చెయ్యి కదలదు. దాన్ని కదిలించుకోవాలి.

మన రాజకీయ నాయకత్వం కూడా ఈ లెక్కలోకి రావాలి. 1984లో దక్కన్ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆసుపత్రులొచ్చాయి, బడులొచ్చాయి. ఎవరూ చెయ్యని చోట చేశారు. నేను కాదనను. మా ఇంట్లోవాళ్ళు కూడా వాటిల్లో వైద్యం చేయించుకున్నారు. కానీ సేవ చేసే చెయ్యీ ఓటు అడిగే చెయ్యీ ఒకటే అయినప్పుడు, రోగి లోపల ఒక రుణం మొలుస్తుంది. రుణపడ్డవాడు ప్రశ్న అడగలేడు. బస్తీకి డ్రైనేజీ ఎందుకు లేదని అడగబోయిన నోరు ఆసుపత్రి గుర్తొచ్చి మూసుకుపోతుంది. ఇది ఒక్క పార్టీ సంగతి కాదు, అన్ని పార్టీలూ అన్నం పొట్లాలతో చేసే పని ఇదే. పాతబస్తీలో దీని బరువు ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ ప్రభుత్వం అనేదాని జాడ తక్కువ.

చింతచెట్టూ చెరువులూ

అసలు మాట ఇక్కడే వుంది. సేవ ఎంత గొప్పదైనా అది ఎవరి స్థానంలో నిలబడుతోందో చూడాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేలమంది దాకా పోయారంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభైమంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఇంకా వుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గంజి కేంద్రాలు పెట్టించాడు, బాధితులకు తలుపులు తెరిచాడు. మూసీని శాంతింపజెయ్యడానికి ఆయన హిందూ పద్ధతిలో హారతిచ్చాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మన లౌకికవాదులకు ఈ కథ చాలా ఇష్టం. గంగా జమునీ తహజీబ్ సభల్లో తప్పకుండా చెబుతారు.

నాకూ ఇష్టమే. కానీ ఆ కథలో సగం వదిలేస్తారు. హారతితోనూ గంజితోనూ హైదరాబాదు ఆగలేదు. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగర అభివృద్ధి బోర్డు పెట్టారు. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. దయ చెరువుగా మారింది. గంజి పోసిన చెయ్యి ఆ ఏడాదిని దాటించింది. ఆనకట్ట రాబోయే తరాలను కాపాడింది. ఏ మతం రాజైనా రాజు చెయ్యాల్సిన పని అది. చింతచెట్టును తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునే మనం చెరువుల సంగతి మరిచిపోయాం. మరిచిపోయి వాటిలోనే కాలనీలు కట్టుకోనిచ్చాం.

2020 అక్టోబరు 13న ఒక్క రోజులో నగరం మీద 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. నాలుగు రోజులకు మళ్ళీ కురిస్తే గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్ బాబానగర్ మునిగింది. అల్ జుబైల్ కాలనీలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. మసీదుల్లో, ఫంక్షన్ హాళ్ళలో దేగ్‌లు పొయ్యి మీదికెక్కాయి. నడుం లోతు నీళ్ళలో కుర్రాళ్ళు పాలు, బిస్కెట్లు, మందులు మోశారు. నీళ్ళలో చిక్కుకున్న ఇల్లు ఎవరిదని ఎవరూ అడగలేదు. ప్రభుత్వం ఇంటికి పదివేలు ప్రకటించింది. కొందరికి అందింది, ఎన్నికలని నవంబరులో ఆగిపోయింది. ఆ నవంబరులోనే బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్, మేయరు పీఠం గెలిస్తే పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ప్రకటించారు. అక్టోబరులో మునిగిపోయిన బాధితులు నవంబరుకు శత్రుదేశమైపోయారు. నీళ్ళు ఇంకా ఇళ్ళ గోడల మీది నుంచి ఆరలేదు.

ఆ రోజుల్లో పత్రికలన్నీ మళ్ళీ మా సేవను మెచ్చుకున్నాయి. చెరువు కట్ట ఎందుకు తెగిందన్న వార్త కన్నా, మసీదులో అన్నం వండారన్న వార్తకు ఎక్కువ చోటు దొరికింది. సేవను పొగడటం ప్రభుత్వానికి కూడా చాలా సౌకర్యం. వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారులే అనుకోవచ్చు. సచార్ కమిటీ 2006లో చెప్పింది, సుధీర్ కమిషన్ 2016లో చెప్పింది. బడి, ఆసుపత్రి, బ్యాంకు అప్పు, ఉద్యోగం దగ్గర ముస్లింలు ఎక్కడ వెనకబడ్డారో కాగితాల మీద వుంది. పాతబస్తీకి రావాల్సిన మెట్రో రైలు మార్గం 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చింది. మూసీ దాటి ఇవతలికి రావడానికి దానికి ఏళ్ళు పట్టింది, ఇంకా రాలేదు. ఖైరాత్‌తో రైలు నడవదు.

నా పదేళ్ళప్పటి సంగతి ఒకటి చెప్పాలి. 1990 డిసెంబరు గొడవల్లో వందకు మించి ప్రాణాలు పోయాయి. కర్ఫ్యూ రోజులు. మా పక్క గల్లీలో పాలు పోసే అవ్వ ఒకామె వుండేది. గేదెల పాలు పితికి, సందులోంచి చెంబు మా గోడ మీద పెట్టేది. అమ్మీ అదే గోడ మీది నుంచి ఖిచిడీ గిన్నె ఇచ్చేది. "బేటా ఎలా వున్నాడు?" అని అవ్వ అడిగేది. "మీ దువా" అనేది అమ్మీ. అవ్వ నుదుట కాసంత బొట్టు, అమ్మీ తల మీద ఖడా దుపట్టా. దానికెవరూ మతసామరస్యం అని పేరు పెట్టలేదు.

ఇక్కడితో ఆపితే ఈ కథ కూడా పత్రిక శీర్షికకు పనికొస్తుంది. కానీ తర్వాతి యేడు అవ్వ గేదెల్ని తోలుకుని, ఇల్లు తక్కువకు అమ్ముకుని మూసీ అవతలికి వెళ్ళిపోయింది. అవతలి నుంచి మావాళ్ళు ఇట్లాగే ఇవతలికొచ్చారు. మా అమ్మీ ఖిచిడీ ఆమెను ఆపలేకపోయింది. ఆపాల్సింది ఖిచిడీ కాదు, పోలీసు స్టేషను. నేరం చేసినవాడికి శిక్ష. రాత్రి తలుపేసుకుని నిద్రపోగలమన్న ధైర్యం. 1990ల్లో హైదరాబాద్ ఏక్తా మిత్రులు, తర్వాత కోవా వాళ్ళు రెండువైపుల గల్లీల్లో తిరిగి ఎంత పనిచేశారో నేను చూశాను. వాళ్ళ పట్ల నాకు గౌరవం. అయినా మనుషులు చెయ్యగలిగింది గోడ మీద గిన్నె పెట్టడం. గోడ కింద భూమిని కాపాడాల్సింది రాజ్యం.

రాజ్యం అడిగే ప్రశ్న

మరి రాజ్యం ఏం చేస్తోంది? సామాన్యులు అడగని ప్రశ్న అది అడుగుతోంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పక్క మూడు దేశాల నుంచి బాధలు పడి వచ్చినవాళ్ళను ఆదుకోవడానికని చెప్పారు. మానవత్వమే అన్నారు. అందులో ఆరు మతాల పేర్లున్నాయి. మా పేరు లేదు. శరణు కోరి వచ్చినవాణ్ణి మొదట అడగాల్సింది నీకేమైందని. ఆ చట్టం నీ మతమేదని అడిగింది. అది తీసుకునేవాడి సంగతి.

ఇచ్చేవాడి సంగతి కూడా వచ్చింది. వఖ్ఫ్ అంటే తన ఆస్తిని దేవుడి పేరు మీద జనం మంచికి వదిలెయ్యడం. 2013 సవరణ ప్రకారం ఏ వ్యక్తి అయినా వఖ్ఫ్ చెయ్యగలిగేవాడు. హిందువైనా చెయ్యగలిగేవాడు. 2025లో తెచ్చిన సవరణలో, అయిదేళ్ళుగా ఇస్లాం ఆచరిస్తున్నట్టు చూపగలిగినవాడే చెయ్యాలన్నారు. ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను మధ్యంతరంగా ఆపింది. అది వేరే సంగతి. ఆలోచన ఏమిటో చూడండి. పత్రికలు మా చేతిని మతం మరిచిపొమ్మంటాయి, చట్టం అదే చేతిని మతం రుజువు చెయ్యమంటుంది. డిచ్‌పల్లిలో నర్సాగౌడ్‌ను 1915లో ఎవరూ నీది ఏ మతమని అడగలేదు.

కాబట్టి మిత్రులారా, నేను అడిగేది ఎక్కువేం కాదు. లౌకికవాద మిత్రుల్ని అడుగుతున్నాను: మా మంచితనానికి మా మతం నుంచి సెలవు ఇప్పించకండి. డొక్కా సీతమ్మకు ఇచ్చిన మాటే మాకూ ఇవ్వండి. మావాళ్ళను అడుగుతున్నాను: జకాత్ వరుసలు తీసెయ్యండి, గేటు ముందుకు రప్పించకుండా ఇంటికి తీసుకుపోయి ఇవ్వండి. ఫోటో తియ్యకండి. సదఖాకు కూడా లెక్క రాయండి, అందులో ముస్లిమేతర పొరుగువాడి పేరు ఎన్నిసార్లు వచ్చిందో ఏడాదికోసారి చూసుకోండి. అన్నం పెడుతూనే చెరువు కట్ట గురించి కూడా అడగండి. అడిగితే సేవ చెడిపోదు. ఆ కుర్రాడి మాట మనకూ వర్తిస్తుంది. మతాన్ని గుర్తు పెట్టుకుని చేసేవాడు, హఖ్ అనే మాటను కూడా గుర్తు పెట్టుకోవాలి. వున్నవాడి సొమ్ములో లేనివాడికి హఖ్ వుందన్నవాళ్ళం, ప్రభుత్వ ఖజానాలో మన హఖ్ అడగడానికి మొహమాట పడకూడదు.

ఆ రోజు ఫోన్‌లో అతనికి నేను సారీ చెప్పాను. "కోయి బాత్ నై భాయ్, తరావీకి టైమ్ అవుతోంది" అని పెట్టేశాడు. పత్రిక అచ్చయిపోయింది, దిద్దడానికి వీల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ దిద్దుతున్నాను. ఆ వార్తకు వుండాల్సిన శీర్షిక ఇది:

"రోజాతో వుండి అంత్యక్రియలు చేశారు."